ఆరున్నొకటి

ఎల్లుండి ఆపరేషన్ అయ్యాక అన్నకి ఇక ఏమీ వినిపించదు. కుక్కర్ కూసినా, కుక్క మొరిగినా, కట్టుకున్నది కేకలేసినా ఒకటే. సర్జన్ ఈ సంగతి సగం ఇంగ్లీషులో, సగం నేల చూపులతో చెప్పి తప్పుకున్నాడు. విడమరిచి చెప్పే పని చెల్లెలి మీద పడింది.

ఆమె ఉద్యోగం ఆ ఆస్పత్రిలోనే, చెవుల విభాగంలో. బయటి చప్పుడు చొరబడని చిన్న గదిలో మనిషిని కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్లు తగిలించి, ఎంత వినిపిస్తోందో కొలుస్తుంది. అన్న చెవిని కూడా తనే కొలిచింది. కుడి చెవి ఎప్పుడో పోయింది. ఎడమ చెవి నరం మీద గడ్డ పుట్టి మెదడు మీదికి ఒరుగుతోంది. తీస్తే నరం పోతుంది, తీయకపోతే మనిషే పోతాడు. నరమంటూ లేకపోయాక ఎంత ఖరీదైన మిషన్ పెట్టినా గోడకి చెప్పుకున్నట్టే.

ఇప్పటికే సన్నని చప్పుళ్లన్నీ పోయాయి. పిట్టలు, ఫోన్ మోత, పిల్లల గొంతులు ఏవీ అందడం లేదు. లావుపాటివే మిగిలాయి: తలుపు పడిన చప్పుడు, లారీ ఇంజను. చెల్లెలు గొంతు తగ్గించి, ఒక్కో మాటా విడదీసి పలికితే అందుకునేవాడు. అలాగే చెప్పింది. అంతా విని, పక్కనే ఉన్న వదిన వైపు తిరిగి, దీని తిట్లు వినిపించక్కర్లేదు, మొహం చూసి వరసపెట్టి అప్పజెప్పగలను అన్నాడు. వదిన నవ్వబోయి, ముక్కు చీదుకుంటూ బయటికి వెళ్లిపోయింది.

అప్పుడడిగాడు.

"ఇనుప వాన ఒక్కసారి వినాలనుందే చిన్నీ. దొరుకుతుందా?"

ఆ పేరు వాళ్లింట్లో వినపడి ఏళ్లయింది. 'ఇనుప వాన' అంటే 'నిప్పుకోడి' అనే రాక్ బ్యాండ్ మొదటి ఆల్బమ్. ఇప్పుడు నిప్పుకోడి అంటే జనం నవ్వుతారు. పేరులో నిప్పే తప్ప పాటలో పొగ కూడా రాదని జోకులు. వాళ్ల చివరి రోజుల పాట ఒకటి, చిలక మీద కట్టింది, టూత్‌పేస్ట్ ప్రకటనకి ఎక్కి, ఫోన్ మోతలకి ఎక్కి, ఆఖరికి ఈ ఆస్పత్రి లిఫ్టులో స్థిరపడింది. కానీ ఆ చిలకకి ముందు మూడు ఆల్బమ్‌లున్నాయి. ఆ మూడింటిలోనూ డ్రమ్స్ వాయించింది అన్నే. నాలుగోదానికి ముందు బ్యాండ్ వాళ్లు అతన్ని పక్కనపెట్టారు. ఎందుకని ఎవరడిగినా అన్న చెప్పలేదు. తన దగ్గరున్న రికార్డు ప్లేట్లన్నీ చెత్త లారీలో వేసి, వాషింగ్ మెషీన్ల రిపేరు నేర్చుకున్నాడు.

చెల్లెలు అప్పుడు హాస్టల్లో ఉండి చదువుకునేది. సెలవులకి వచ్చేసరికి, గోడకి ఆనుకుని చేతులు ఒళ్లో పెట్టుకు కూర్చున్న అన్న కనిపించాడు. ఆ రోజు నుంచి ఆమెకి నిప్పుకోడి పేరెత్తితే ఒళ్లు మంట. ఆ మూడు ఆల్బమ్‌లలో ఒక్క పాటైనా విన్నది లేదు.

అన్న అడిగిన వెంటనే ఫోన్‌లో వెతికి, మోత పెంచి, అతని చెవికి ఆనించింది. కాసేపు విన్నాడు. ఫోన్ తిరిగి ఇచ్చేశాడు.

"ఇది నేను కాదు."

ఆరా తీస్తే నిజమే. బ్యాండ్ నాయకుడు తర్వాతెప్పుడో ఆ ఆల్బమ్‌ని శుభ్రం చేయిస్తానని చెప్పి, అన్న వాయించినదంతా తీసేసి, మిషన్ డ్రమ్స్ పెట్టి మళ్లీ విడుదల చేశాడు. ఫోన్లలో ఉన్నది ఆ శుభ్రమైనదే. పాతది కావాలంటే పాత ప్లేటే దొరకాలి.

మధ్యాహ్నం సెలవు పెట్టి చెల్లెలు వేట మొదలుపెట్టింది.

పాత రికార్డుల షాపు ఓ సందులో, టైర్ల కొట్టుకీ తాళాల కొట్టుకీ మధ్య ఇరుక్కుని ఉంది. షాపాయన కళ్లజోడు నుదుటి మీదికి ఎత్తిపెట్టుకుని, నిప్పుకోడి అనగానే ఆమెని జాలిగా చూశాడు. ఆ పాట పెడితే మా పిల్లి కూడా బయటికి పోతుందమ్మా అన్నాడు. మొదటి ఆల్బమ్ కావాలని చెప్పాక ఆ జాలి పోయింది. కళ్లజోడు కిందికి దిగింది. మొదటి మూడూ వేరే లెక్క, అవి చేసినవాళ్లూ ఆ చిలక పాట చేసినవాళ్లూ ఒకే తల్లి పిల్లలంటే నేను నమ్మను అన్నాడు. ఆ డ్రమ్స్‌లో ఏదో కుంటు ఉందనీ, సరదాకి కుంటే కుంటు కాదనీ, కడుపులో పిల్ల ఉన్న ఆడమనిషి మెట్లు దిగుతుంటే చివరి మెట్టు మీద ఒక్క క్షణం ఆగుతుందే, అలాంటి కుంటు అనీ చెప్పాడు. చెబుతూనే పై అర నుంచి దుమ్ము దులిపి ఓ రికార్డు అట్ట దించాడు. పైన బూడిదరంగు మేఘం, కింద ఒంటరిగా సైకిల్. ఇనుప వానే.

చెల్లెలికి ప్రాణం లేచొచ్చింది. లోపలి ప్లేటు బయటికి లాగాడు షాపాయన. దాని మీద చిలక బొమ్మ ఉంది.

ఎవడో మంచిది దాచుకుని, చెడ్డది ఈ అట్టలో దూర్చి నాకు అంటగట్టాడు అంటూ షాపాయన తల పట్టుకున్నాడు. ఊళ్లో ఇంకెక్కడా లేదట. ఉంటే గింటే ఒక్కడి దగ్గరే ఉండాలి. బ్యాండ్ నాయకుడి దగ్గర.

అతన్ని అందరూ జులపాలు అంటారు. ఒకప్పుడు భుజాల దాకా జుట్టు ఉండేది. ఇప్పుడు జుట్టు పోయి పేరు మిగిలింది. మర్నాడు పొద్దున ఓ ఫర్నిచర్ షోరూమ్ ప్రారంభంలో అతని పాట ఉందని షాపాయనే కనుక్కుని చెప్పాడు.

చెల్లెలు వెళ్లేసరికి, ధర చీటీలు వేలాడుతున్న సోఫాల మధ్య నిలబడి, టోపీ పెట్టుకుని, పెట్టెలోంచి వచ్చే మ్యూజిక్‌కి చిలక పాట పాడుతున్నాడు. వినేవాళ్లు లేరు. ఒకావిడ పరుపు మీద ఎగిరెగిరి స్ప్రింగులు పరీక్షిస్తోంది. పాట అయ్యాక చప్పట్లు కూడా పెట్టెలోంచే వచ్చాయి.

మైకు వైరు చుట్టుకుంటున్న అతని ముందుకెళ్లి, ఇనుప వాన డ్రమ్మర్ చెల్లెల్ని అని చెప్పింది. అతని చెయ్యి ఆగిపోయింది.

"ఆరున్నొకటివి నువ్వేనా?"

ఆమెకి అర్థం కాలేదు. ఏదో వెటకారం అనుకుంది. కడుపులో ఉన్న కోపం బయటికి రాకుండా అసలు ప్లేటు కావాలని మాత్రం అడిగింది. జులపాలు వెంటనే ముడుచుకుపోయాడు. ఇన్నేళ్లకి ఎందుకు, కోర్టుకెళ్తారా, డ్రమ్స్ మార్చినందుకు కేసా అని గుచ్చి గుచ్చి అడిగాడు. అప్పుడామె గడ్డ సంగతి, రేపటి ఆపరేషన్ సంగతి చెప్పింది. జులపాలు వెనక ఏముందో చూసుకోకుండా కూలబడ్డాడు. అమ్మకానికి పెట్టిన సోఫాల మీద కూర్చోకండి సార్ అని సేల్స్‌మన్ వచ్చి మందలించాడు. జులపాలు లేచి, నా వెంట రా అన్నాడు.

అతనుండేది లాండ్రీ పైన రెండు గదుల్లో. కింద ఇస్త్రీ ఆవిరికి నేలంతా వెచ్చగా ఉంది. బీరువా పై నుంచి దుప్పటిలో చుట్టిన ప్లేటు తీశాడు. అచ్చు వేసే ముందు సరిచూసుకోవడానికి తీసిన నమూనా అది. అట్ట లేదు, బొమ్మ లేదు. పట్టుకెళ్లు, కానీ ముందు విను అని రికార్డు ప్లేయర్ మీద పెట్టాడు.

మొదట కుర్చీ కిర్రుమంది. ఎవరో దగ్గారు. తర్వాత పొడి పొడిగా, ఇంకా మీసం గట్టిపడని కుర్రాడి గొంతొకటి లెక్కపెట్టింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు, ఆరున్నొకటి.

అది అన్న గొంతు. చెల్లెలు కుర్చీ అంచు పట్టుకుంది.

తర్వాత వాన కురిసింది. గిటార్ శ్రుతి కొంచెం తప్పే ఉంది, అయినా ఆ తప్పు మీద సిగ్గులేకుండా నిలబడింది. బాస్ మోత నేలలోంచి పుట్టి మోకాళ్ల దాకా వచ్చింది. జులపాలు గొంతుకి అప్పటికింకా నూనె పట్టలేదు. ఊళ్లో ఉద్యోగం దొరకనివాడు బస్టాండులో కోపంగా పాడుకుంటున్నట్టుంది. వీటన్నిటి కింద డ్రమ్స్. ఏడేసి దెబ్బల వరస. ఆరు దెబ్బలు సాఫీగా నడిచి, ఏడోది పడే దగ్గర వెంట్రుకవాసి ఆలస్యం. ఆ ఒక్క క్షణం పాటంతా గాలిలో కాలెత్తి ఆగుతుంది. పడిపోతుందేమో అనిపిస్తుంది. పడదు. ప్రతిసారీ భయం వేస్తుంది, ప్రతిసారీ నేల కాలికి దొరుకుతుంది.

బ్యాండ్ అంతా ఆ ఆలస్యం కోసం కాచుకుని, కలిసి ఆగి, కలిసి దిగుతోంది. ఇన్నేళ్లూ తను అసహ్యించుకున్నది దీన్నా అనుకుంది చెల్లెలు. రెండో పాట, మూడో పాట వింది. మధ్యలో జులపాలు ఏదో చెప్పబోతే చెయ్యెత్తి ఆపింది. మొదటి వైపు పూర్తయ్యాక అడిగింది, ఏడు అనడానికి ఆరున్నొకటి అంటాడేంటి అని.

"నీకు తెలీదా?" జులపాలు నిజంగానే ఆశ్చర్యపోయాడు. "నీ వల్లేనమ్మా."

చెప్పుకొచ్చాడు. అమ్మా నాన్నా పనికి పోతే, పసిపిల్ల చెల్లెల్ని చూసుకుంటూ అన్న బిస్కట్ డబ్బా మీద దరువు వేసుకునేవాడట. లెక్కపెడుతూ ఏడు అనగానే పిల్ల ఠక్కున ఏడుపు అందుకునేదట. ఎవరైనా విసుక్కుని 'పోయి ఏడు' అంటారే, అలా తనని ఏడవమంటున్నాడని అనుకునేదట. పాపం అన్నయ్య చెప్పాడు కదా అని బుద్ధిగా ఏడ్చేది. ఎత్తుకుని సముదాయించేసరికి దరువు కాస్తా పోయేది. ఇలా లాభం లేదని ఏడుని ఆరున్నొకటిగా మార్చేశాడు. రెండక్షరాల మాట పోయి అంత పొడుగు మాట వచ్చింది. మాట పూర్తయ్యే దాకా చెయ్యి ఆగడం నేర్చుకుంది. ఆ చెయ్యే తర్వాత పెద్ద డ్రమ్స్ మీదికి వచ్చింది.

"మూడు ఆల్బమ్‌లు అదే మా ప్రాణం. ఆ తర్వాత పెద్ద కంపెనీ వాళ్లు వచ్చారు. టిక్కు టిక్కుమనే యంత్రం చెవిలో పెట్టి, దానితో పాటు వాయించమన్నారు. ఏడో దెబ్బ దగ్గర వీడు ఎప్పుడూ వెనకే. ఏడు అనరా, చాలు, అన్నాను. అన్నాడు కూడా. నోరు అంది, చెయ్యి వినలేదు. ఏంట్రా అంటే, మా చెల్లి ఏడుస్తుందిరా అన్నాడు. అందరం పగలబడి నవ్వాం. మర్నాడు నేనే వెళ్లి, ఇక రావద్దని చెప్పొచ్చాను."

చెల్లెలు ప్లేయర్ మీంచి ప్లేటు తీసి చేతిలో పట్టుకుంది. తన కోసం ఆగిన చెయ్యి అది. ఆ ఆగడమే ఆ పాటలకి అందం, ఆ ఆగడమే అన్నని ఇంట్లో కూర్చోబెట్టింది. ఒక్కసారి కూడా ఎత్తిపొడవలేదు. ఎంత కోపంలోనూ, నీ మూలానే అనలేదు.

అప్పుడు ఫోన్ మోగింది. వదిన. ఎవరో పేషెంటుకి జ్వరం వచ్చి వాళ్ల ఆపరేషన్ వాయిదా పడిందట, టేబుల్ ఖాళీ అయిందట, మీ అన్నని ఈ మధ్యాహ్నమే తీసుకెళ్తామంటున్నారు, ఇప్పటికే బట్టలు మార్చేశారు, నువ్వెక్కడున్నావే అంటోంది.

ఆస్పత్రిలో రికార్డు ప్లేయర్ లేదన్న సంగతి చెల్లెలికి అప్పుడు తట్టింది. అడక్కముందే జులపాలు వైర్లు పీకేశాడు. అతను ప్లేయర్ ఎత్తుకున్నాడు, ఆమె ప్లేటు గుండెకి హత్తుకుంది. కారు నడుపుతూ అతను సిగ్నళ్ల దగ్గర దేవుళ్లందరినీ పేరుపేరునా తిట్టాడు. ఆస్పత్రి లిఫ్టులో చిలక పాట వస్తోంది. జులపాలు టోపీ మొహం మీదికి లాక్కున్నాడు.

వార్డులో నర్సుని బతిమాలే పని వదిన చూసుకుంది. ఆపరేషన్‌కి ముందు ఆఖరి వినికిడి పరీక్ష అని చెల్లెలు అబద్ధమాడింది. స్ట్రెచర్ మనిషి వచ్చేలోపు తిరిగి పంపేయాలంది నర్సు. ఆకుపచ్చ గౌనులో ఉన్న అన్నని చక్రాల కుర్చీలో పెట్టి, తన విభాగానికి తోసుకొచ్చింది. జులపాలు గోడ పక్కకి జరిగి నిలబడ్డాడు. అన్న అతన్ని చూశాడు. టోపీ వైపు చూపించి, జుట్టేదిరా అన్నట్టు చేత్తో అడిగాడు. జులపాలు మొహం తిప్పుకున్నాడు.

అన్నని చిన్న గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్లు తగిలించి, మందపాటి తలుపు మూసింది. పరీక్షలో కూర్చున్నవాళ్ల చేతికి ఒక మీట ఇస్తారు. వినిపించినప్పుడల్లా నొక్కితే బయట బల్ల మీద దీపం వెలుగుతుంది. అలవాటు కొద్దీ ఆ మీటని అన్న చేతిలో పెట్టింది. ప్లేయర్‌ని మిషన్‌కి తగిలించి, అతని చెవి ఇంకా పట్టుకోగల లావు చప్పుళ్లని ఎంత పెంచగలదో అంతా పెంచింది. బల్ల పక్కనున్న చిన్న స్పీకర్ కూడా వేసింది. సూది దించింది.

లెక్కపెట్టే గొంతు అతనికి అందలేదు. అద్దంలోంచి చూస్తే మొహంలో మార్పు లేదు. తర్వాత డ్రమ్స్ మొదలయ్యాయి.

దీపం వెలిగింది.

ఒక్కో దెబ్బకీ ఒక్కోసారి. ఆరు వెలుగులు సాఫీగా, ఏడోది వెంట్రుకవాసి ఆగి. అన్న కళ్లు మూసుకున్నాడు. బొటనవేలు ఒక్కటే ఆడుతోంది. జులపాలు గొంతు అతనికి చేరడం లేదు, గిటార్ చేరడం లేదు. తను కొట్టిన దెబ్బలు మాత్రం చేరుతున్నాయి. జులపాలు ఆ దీపం వైపే చూస్తూ, కుంటుతోంది చూడు, కుంటుతోంది అని గొణిగి, తలుపు దగ్గరికెళ్లి గోడకి నుదురు ఆనించాడు.

మొదటి వైపు ఆఖరి పాటలో డ్రమ్స్ లేవు. ఒక్క గిటార్, పైస్థాయిలో జులపాలు గొంతు. లాండ్రీ పైగదిలో ఆమె విన్నదే. ఆ పాటలో అన్న చెవికి అందేదేమీ లేదని ఆమెకి తెలుసు. కొలిచింది తనే కదా. దీపం ఆరిపోతుందని ఎదురుచూసింది.

ఆరలేదు. ఆరు వెలుగులు, ఒక ఆగడం, ఒక వెలుగు. పాట ఒక దారిన పోతోంది, దీపం మరో దారిన. వినిపించకుండానే నొక్కేవాళ్లు ఆమెకి కొత్త కాదు. చెవి పోయిందని ఒప్పుకోలేనివాళ్లు అలా చేస్తారు. మైకులోకి వంగి, వినిపిస్తేనే నొక్కండి అని హెచ్చరించడం ఉద్యోగధర్మం. ఆమె మైకు ముట్టుకోలేదు.

పాట అయిపోయింది. సూది ఖాళీ గాడిలో తిరుగుతూ గరగరమంటోంది. దీపం వెలుగుతూనే ఉంది. అద్దం అవతల అన్న పెదవుల మీద చిన్న నవ్వు. రెండో వైపు తిప్పే టైము లేదు. స్ట్రెచర్ మనిషి వచ్చి తలుపు తట్టి, డాక్టరు గారు పిలుస్తున్నారమ్మా అన్నాడు. ఒక్క క్షణం అంది. ఇంకొక్క క్షణం అంది. మూడోసారి వదినే వచ్చి ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

చెల్లెలు గది తలుపు తీసి లోపలికి వెళ్లింది. అతనికి అలికిడి తెలియలేదు. వేలు ఆడుతూనే ఉంది. ఆమె ఆ వేలి మీద తన చెయ్యి వేసి ఆపింది.

అన్న కళ్లు తెరిచాడు.

"అయిపోయిందా?"

తల ఊపింది.

"ఎప్పుడు?"

చెల్లెలు అతని చెవి దాకా వంగి, గొంతు తగ్గించి, అతనికి అందేలా చెప్పింది.

"ఇప్పుడే."